సంఘపు కంప్యూటర్ల పోషణ: బయటివారి కప్పగించు పద్ధతి

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో చిఠ్ఠా, ఆవర్జా పుస్తకముల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. సభ్యుని అప్పు, వడ్డీ, వాయిదా, ఎరువుల నిలువ, ధాన్యపు కొనుగోలు పద్దు ఇవియన్నియు నిపుడా యంత్రములోనే యున్నవి. పుస్తకము చినిగిన నంటించుకొనగలము. సిరా యొలికిన నెండలో నారబెట్టుకొనగలము. యంత్రము మొరాయించినచో గుమాస్తా చేతులు కట్టుకొని కూర్చుండును. యూరియా బస్తాకై వచ్చిన రైతు వట్టిచేతులతో తిరిగి పోవును. ఈ యంత్రముల పోషణభారమును సంఘమే మోయవలయునా, లేక ఆ పనియే వృత్తిగాగల బయటివారి కప్పగించవలయునా యని మన పాలకవర్గ సభ్యులు పలువురు యోచించుచున్నారు. ఆ విషయమును గూర్చి యీ నెల వ్రాయుచున్నాము.

బయటివారికి పని యప్పగించుట మనకు క్రొత్తగాదు. వడ్లు మర పట్టించుకొనుటకు ప్రతి రైతును మిల్లు పెట్టుకొనడు. వరికోత యంత్రమును కొనక, గంట కింత యని బాడుగకు పిలిపించుకొనుచున్నాము. అయినను వడ్లు మనవే. నూక యెంత, తవుడెవరిది యని ముందే మాటాడుకొందుము. తూకము దగ్గఱ మన మనుష్యు నొకనిని నిలుపుదుము. మిల్లుకు తోలినంతమాత్రమున వడ్లమీద మన హక్కు పోయినదని యెవరు ననుకొనరు. కంప్యూటరు విషయమునను న్యాయమిదియే. యంత్రమును కనిపెట్టియుండు పని యితరులది కావచ్చును. అందలి లెక్క మాత్రము సంఘముది.

ఈ పద్ధతి యెట్లు నడచుచున్నదో చూడగోరువారు హైదరాబాదునందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వీధులలో నొక పూట తిరిగిన చాలును. మన పాఠకుల బిడ్డలనేకులు ప్రభుత్వోద్యోగ పరీక్షలకై అశోక్ నగర్‌లో గదులు తీసికొని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పగలెల్ల చదువుకొనుచున్నారు. వారిని చూడబోవు తండ్రులు, బస్సు వేళ కొక గంట మిగిలినచో, ఆ వీధులలోని వ్యాపారములను పరికింపవలయును. కోచింగు కేంద్రములు, పుస్తకముల కొట్లు, జెరాక్సు దుకాణములు, వైద్యుల క్లినిక్కులు, రక్తపరీక్షాశాలలు, బట్టల దుకాణములు ఎడతెగక కనబడును. ఒక్కొక్కచోట రెండు మొదలు పది వఱకు కంప్యూటర్లుండును. ఇట్టి చిన్న వ్యాపారములలో పెక్కింటికి స్వంత ఇంజనీరు లేడు. ఉంచుకొనుట వానికి గిట్టదు. యంత్రములను చూచువాడు బయటివాడు. టాలీలో లెక్కలు వ్రాసి జీఎస్టీ పత్రములు దాఖలు చేయువాడును తఱచుగా బయటివాడే. ఇట్టి పనివాడొక్కడే అనేక దుకాణములకు పనిచేసి, ఒక్కొక్కరి వద్ద కొంచెము కొంచెముగా రుసుము పుచ్చుకొనును.

అయితే ఇందు రెండు తెఱగుల యేర్పాట్లు గలవు. వీని భేదమును మన సంఘములవారు బాగుగా గ్రహింపవలయును. మొదటిది, యంత్రము చెడినపుడు పిలిచి, వచ్చినందుకు కూలి యిచ్చుట. ఇది చూచుటకు చౌకగా నుండును. కాని యిందులో పనివాని లాభము యంత్రము చెడుటలోనే యున్నది. ఎన్నిసార్లు చెడిన నన్నిసార్లు కూలి. రెండవది, యంత్రమొక్కింటికి నెల కింత యని రుసుము నిర్ణయించి, అది చెడకుండ కాపాడు బాధ్యతను వానిమీద బెట్టుట. ఇచట యంత్రము చెడినకొలది వానికి శ్రమ పెరుగును, రాబడి పెరుగదు. కావున చెడకుండ జూచుకొనుటయే వాని లాభమగును. మన లాభమును వాని లాభమును ఒకే త్రోవను నడచును. బావి మోటారు కాలినపుడెల్ల వైండింగు చేయించుకొను రైతునకును, సాలుకు రెండుమార్లు దానిని చూపించుకొను రైతునకును గల తారతమ్యమే యిదియు. బయటివారి కప్పగించుట యని మేము చెప్పునది యీ రెండవ పద్ధతినే.

నెల రుసుము పుచ్చుకొన్నవాడు చేయవలసిన దేమి? కంటికి కనబడు పని తక్కువ, కనబడనిది యెక్కువ. సాఫ్టువేరు చేసినవారు తమ సరుకులో లోపములు బయటపడినపుడెల్ల సవరణలను పంపుచుందురు. వానిని వెంటవెంట యంత్రములో చేర్చుట మొదటి పని. యాంటీవైరసు గడువు దాటకుండ చూచుట, లెక్కల ప్రతిని ప్రతిదినము వేఱొకచోట భద్రపఱచుట, యూపీఎస్ బ్యాటరీ నీరసించినదేమో కనుగొనుట, ఎవరెవరికే తాళపుమాట, అనగా పాస్‌వర్డు, ఇయ్యబడెనో పట్టిక వ్రాసియుంచుట, పని మానినవాని తాళపుమాటను ఆ దినముననే రద్దుచేయుట, ఇవన్నియు నందులోనివే. గుమాస్తా ఫోను చేసిన పలుకుటయు నొక పనియే గాని, దానినిబట్టియే వాని పనితనమును కొలువరాదు.

సవరణల సంగతి చిన్నదని తలపరాదు. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్ట సాఫ్టువేరు లోకమంతటను వ్యాపించి, కంప్యూటర్లలోని పత్రములకు తాళమువేసి, తెఱచుటకు సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయముల యంత్రములును దాని వాతబడినవి. ఆ రోగమునకు మందు అప్పటికే యున్నది. విండోసు చేయు మైక్రోసాఫ్టు కంపెనీ సరియైన సవరణను ఆ యేటి మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. రెండు మాసములు గడచినను దానిని వేసికొనని యంత్రములే ముఖ్యముగా చిక్కినవి. తెగులు కనబడకమునుపే విత్తనశుద్ధి చేసినవాడును, చేయనివాడును ప్రక్కప్రక్క పొలములలో నెట్లుందురో మనకు చెప్పనక్కఱలేదు. ఇపుడు మన సంఘములవారు చూచుకొనవలసిన దింకొకటి గలదు. విండోసు 10 అను రకమునకు కంపెనీవారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ప్రత్యేకముగా పొడిగింపు పొందని యంత్రములకు భద్రతా సవరణలు రావు. మీ సంఘపు యంత్రమందే రకమున్నదో రేపే కార్యదర్శి నడుగుడు. ఆయన చెప్పలేకపోయినచో, బయటి నిపుణుని యవసర మున్నదనుటకు వేఱు సాక్ష్యమేల?

ఖర్చు మాటకు వత్తము. లెక్కకొఱకు మాత్రమే కొన్ని యంకెలు తీసికొందము. కంప్యూటరు పని తెలిసిన యువకునొకనిని నెలకు 25,000 రూపాయలకు పెట్టుకొన్నచో సాలుకు 3,00,000 రూపాయలగును. మూడు యంత్రములుగల సంఘమున అతనికి నెలకు నాలుగైదు దినముల పని యుండునేమో. అతడు సెలవు పెట్టిన దినముననే యంత్రము చెడవచ్చును. పట్నములో మంచి కొలువు దొరికిన వెడలిపోవును, సంఘపు రహస్యములన్నియు వాని తలలోనే వెడలిపోవును. అదే పది సంఘములు కలిసి యొక సంస్థతో నొడంబడిక చేసికొని, దానికి సాలుకు 4,00,000 రూపాయలిచ్చినను ఒక్కొక్క సంఘమునకు 40,000 మాత్రమే పడును. పనివాడొకడు రాకున్న రెండవవాడు వచ్చును. ఒంటరిగా చేయలేని పనిని పదిమంది కలిసి చేయుటకే గదా సహకారమను పేరు. ఒక్కొక్క సంఘము వేర్వేఱుగా బేరమాడుటకంటె జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ద్వారా కలిసికట్టుగా బేరమాడుట మేలని మా యభిప్రాయము.

కొందఱు పెద్దలు, "మా లెక్కలు పరుల చేతికేల?" యని యందురు. నిజము చెప్పవలయునన్న నిప్పటికే అవి మన గది దాటినవి. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. అందఱికి నొకే జాతీయ సాఫ్టువేరు, దాని నిర్వహణ నాబార్డుది. లెక్కలు సంఘపు బల్లమీది పెట్టెలో గాక, దూరమందలి సర్వరులలో నుండును. చిక్కడపల్లికి చేరువనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వద్ద నాబార్డువారి తెలంగాణ ప్రాంతీయ కార్యాలయము గలదు. ఆ దారిని పోవు రైతులు దానికిని తమ గ్రామపు సంఘమునకును గల యీ క్రొత్త సంబంధమును గుర్తించుట మంచిది. ఈ సాఫ్టువేరునే వాడుచున్నను, వేఱొకదానిని వాడుచున్నను, దానిని నడుపువారు బయటివారే. కాబట్టి అప్పగించుటయా మానుటయా యన్న వాదము సగము ముగిసినట్లే. ఏ షరతులమీద నను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. అదియే యసలైన ప్రశ్న.

అప్పగించినంతమాత్రమున ఆపద తప్పునని యెవరైన చెప్పిన నమ్మవలదు. మన సహకార రంగముననే రెండు నిదర్శనములు గలవు. 2022 జనవరిలో హైదరాబాదునందలి ఏ.పి. మహేశ్ సహకార పట్టణ బ్యాంకు కంప్యూటర్లలో దొంగలు దూరి, 12 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తమును ఇతర ఖాతాలకు తరలించిరి. అంతకుముందు 2021 నవంబరులో ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లను తెఱచుటవలన దొంగలకు దారి యేర్పడెనని పోలీసుల పరిశోధనలో తేలినది. సైబరు భద్రతా నియమములను పాటింపనందులకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుమీద 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. ఎంత గొప్ప సాఫ్టువేరున్నను, బల్లవద్ద కూర్చున్నవాడు ఊరు పేరు లేని జాబును తెఱచిన తలుపు తెఱచినట్లే. ఈ విషయమున నిపుణుడు చేయగలిగినది కొంత. తక్కినది మన గుమాస్తాలకు శిక్షణ యిచ్చుటలో నున్నది.

రెండవ నిదర్శనము దీనికి విపరీతమైనది. సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అను సంస్థ సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును కంప్యూటరు సేవ లొసగునది. టీసీఎస్, స్టేట్ బ్యాంకుల యుమ్మడి సంస్థ. 2024 జూలై మాసాంతమున దానిమీద సొమ్ము గుంజు దుష్ట సాఫ్టువేరు దాడి జరిగినది. నష్టము వ్యాపింపకుండుటకై జూలై 31న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆ సంస్థను చెల్లింపుల మార్గమునుండి తాత్కాలికముగా వేఱుచేసెను. అందుచేత దేశమున సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపుల సేవలు నిలిచిపోయినవి. ఆగస్టు 1న మరల కలుపబడినవి. ఆ బ్యాంకులు స్వయముగా చేసిన తప్పిదమేమియు లేకున్నను, అందఱును నీరు తెచ్చుకొను చెఱువొక్కటే యైనందున దాని తూము మూతబడగానే పొలములన్నియు నెండినవి. ఒక్కదినము గనుక సరిపోయినది. పది దినములైన నేమగునని పాలకవర్గమువారు ముందే యోచింపవలయును.

2023 ఏప్రిల్ 10న రిజర్వు బ్యాంకు ఈ విషయముమీదనే యొక వివరమైన ఆదేశమును ప్రకటించి, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలుచేసినది. పని నితరులకిచ్చినను బాధ్యత మాత్రము ఇచ్చిన బ్యాంకుమీదను దాని డైరెక్టర్లమీదను యథాప్రకారము నిలిచియుండునని అందలి సారము. ప్రాథమిక సంఘములకు ఆ యాదేశము వర్తింపదు. వర్తింపకున్నను మన ఒడంబడికలకు దానిని మాదిరిగా గైకొనుటలో తప్పులేదు.

ఒడంబడికలో నేమి వ్రాయవలయును? ఇచటనే మన సంఘములు ఉపేక్ష చేయుచున్నవి గాన కొంత విస్తరించి చెప్పెదము. అన్నిటికంటె ముందు, లెక్కలన్నియు సంఘము సొత్తనియు, ఒడంబడిక ముగిసిన దినమున సంస్థవారు వానిని చదువవీలగు రూపమున పూర్తిగా తిరిగియిచ్చి, తమ వద్ద ప్రతి నుంచుకొనరాదనియు వ్రాయించుకొనవలయును. కౌలుదారు భూమిని విడుచునపుడు గట్లతోసహా అప్పగించవలెనని వ్రాసికొందుము గదా! ఈ షరతు లేనిచో సంస్థను మార్చదలచినను మార్చలేము. రుసుము పెంచినను తలయూపవలసివచ్చును.

తరువాత గడువు. పిలిచిన నెన్ని గంటలలో పలుకవలయును, ఎన్ని గంటలలో బాగుచేయవలయును, చేయనిచో రుసుములో నెంత తగ్గింపబడును అనునవి యంకెలతో నుండవలయును. "వీలైనంత త్వరలో" నను మాటకు తూకము లేదు. ఇందును పట్నపు నమూనా పత్రమును యథాతథముగా సంతకము చేయరాదు. బట్టల దుకాణమునకు పండుగ దినములెంతటివో మనకు వానాకాలపు పంటరుణముల దినములు, ఎరువుల పంపిణీ, ధాన్యపు కొనుగోళ్లు, మార్చి నెలాఖరు వసూళ్లు అంతటివి. ఆ దినములలో గడువు సగమునకు తగ్గునట్లు ప్రత్యేకముగా వ్రాయించుకొనవలయును.

ప్రతుల విషయము. లెక్కలకు మూడు ప్రతులుండవలయుననియు, అవి రెండు రకముల సాధనములలో నుండవలయుననియు, ఒకటి వేఱొక యూరిలో నుండవలయుననియు ఈ వృత్తివారిలో నొక సామెతవంటి నియమము గలదు. సర్వరులోని లెక్కలకు సాఫ్టువేరు నడుపువారు జవాబుదారులు. సంఘపు యంత్రములోనే యుండు తీర్మానములు, జాబులు, పట్టికలు, పాత పుస్తకముల ఫొటోలు వీనికి మనమే. ప్రతి యున్నదని చెప్పిన చాలదు. దానినుండి లెక్క తిరిగి వచ్చునా యని పరీక్షింపవలయును. మూడు మాసముల కొకసారి పాలకవర్గ సభ్యుడొకడు ఎదుటనుండగా భద్రపఱచిన ప్రతినుండి యైదుగురు సభ్యుల పద్దులను తీయించి, వారి చేతిలోని రశీదులతో సరిచూడవలయును. దీనికి గంటకంటె నెక్కువ పట్టదు. ఈ పరీక్ష కంగీకరింపని సంస్థకు పని యియ్యకుండుటయే మేలు.

తాళపుమాటలు. యంత్రములను బాగుచేయువానికి యంత్రములోనికి దారి కావలయును గాని, పద్దులు వ్రాయుటకును మంజూరు చేయుటకును అధికార మక్కఱలేదు. ఈ రెండును ఒకే చేతిలో నుండరాదు. ప్రధానమైన తాళపుమాటను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, అధ్యక్షుని యధీనమున ఇనుప పెట్టెలో నుంచవలయును. దూరమునుండియే యంత్రమును నడుపు సాధనములు కొన్ని గలవు. వానిద్వారా ప్రవేశించునపుడు సంస్థవారు ముందుగా ఫోను చేసి, సంఘపు పుస్తకములో వేళయు కారణమును వ్రాయించవలయును. ఎవడో తెలియనివాడు "మేము బ్యాంకు నుండి మాటాడుచున్నాము, ఫలాని సాఫ్టువేరు వేసికొనుడు" అని చెప్పిన నొక్కటియు చేయరాదు. అతడు నిజముగా బ్యాంకువాడే యైనచో, మనము ఫోను పెట్టివేసి, మనవద్దనున్న సంఖ్యకు తిరిగి చేసిన నతనికి కోపము రాదు.

ఇన్నియు రైతునకేల యని యనుకొనవలదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము 2,00,000 రూపాయల వఱకు పంటరుణములను మాఫీ చేసినపుడు, పేరులోనో ఆధారు సంఖ్యలోనో తేడాలున్న ఖాతాలు ఆగిపోయి, రైతులు కాగితములు చేతబట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగిరి. యంత్రములో నొక యక్షరము తప్పుగా పడిన నది రైతు కొంప మీదికి వచ్చును. బయటి సంస్థ యంత్రమును ఎంత బాగుగా కాపాడినను, అందలి తప్పుటక్షరమును గూడ అంతే భద్రముగా కాపాడును! అది తప్పని తెలిసినవాడు ఆ రైతొక్కడే. కావున ప్రతి సభ్యుడును సాలుకొకసారి తన పద్దు నకలును అచ్చువేయించి తీసికొని, పేరు, తండ్రి పేరు, ఆధారు, పాసుపుస్తకపు సంఖ్య, అప్పు నిలువ సరిచూచుకొని, తేడా యున్న వ్రాతమూలముగా తెలిపి రశీదు పుచ్చుకొనవలయును. సంఘమువారును నెలాఖరున సభ్యులవారీ నిలువల పట్టికను కాగితముమీద అచ్చువేసి బైండు చేయించవలయును. యంత్రము పది దినములు పనిచేయకున్నను ఎరువులిచ్చుటకు, వసూళ్లు తీసికొనుటకు ఆ పట్టికయు చేతిరశీదు పుస్తకమును చాలును.

ఒడంబడిక పత్రపు నకలును మహాజనసభలో చదివి వినిపించి, రుసుమెంతో బడ్జెటులో వేఱు పద్దుగా చూపవలయును. సైబరు మోసమువలన సొమ్ము పోయినదని తెలిసిన తక్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. సొమ్ము ఖాతాలు మారకముందే ఆపుటకు ఆలస్యము లేకుండ తెలుపుటయే మార్గము. ఆ సంఖ్యను, సంస్థవారి ఫోను సంఖ్యను, జిల్లా బ్యాంకు సంఖ్యను పెద్ద యక్షరములతో వ్రాసి కంప్యూటరు పైగోడకు అంటింపుడు. యంత్రములోనే దాచినచో నది పనిచేయని దినమున దొరకవు.